ఉతకని గుడ్డ తెమ్మన్న డాక్టరమ్మ

మేడం పేరు ఇక్కడ రాయడం లేదు. బతికున్నప్పుడు పేపర్లో ఫొటో వేస్తామంటేనే ఒప్పుకోని మనిషి. ఆమె లేని ఇప్పుడు నేను ఆ మాట దాటడం బాగుండదు. తొంభైల్లో కర్నూలు పెద్దాసుపత్రి పిల్లల వార్డు చుట్టుపక్కల తిరిగినవాళ్ళకు ఎవరి సంగతి చెప్తున్నానో ఇట్టే తెలిసిపోతుంది. మిగతావాళ్ళకు మేడం అంటే చాలు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి ఆమె దగ్గర చేరింది 1989లో. బుధవారపేటలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండేదాన్ని. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తినేసి నడుచుకుంటూ వెళ్ళేసరికి మేడం అప్పటికే వచ్చి కూర్చునేవారు. గది చిన్నది. ఒక పొడుగాటి బల్ల, స్పిరిట్ దీపం, చెక్క స్టాండులో టెస్ట్ ట్యూబులు, గోధుమరంగు సీసాల్లో ద్రావణాలు, మూలన ఫ్రిజ్. గోడకు మాత్రం క్యాలెండర్ కూడా ఉండేది కాదు, ఎందుకంటే గోడ మొత్తం వంశవృక్షాల చార్టులే.

ఆమె చదివింది పిల్లల వైద్యం. ఎండీ కాగానే తోటివాళ్ళంతా సొంత ఆసుపత్రులు పెట్టుకుంటుంటే ఆమె మళ్ళీ బయోకెమిస్ట్రీ పుస్తకాలు ముందేసుకున్నారు. పుట్టుకతోనే ఒంట్లో ఏదో ఒక ఎంజైము లోపించిన పిల్లల మీద ఆమె పరిశోధన. నాకు మొదటి రోజే కాగితం మీద బాణాలు గీసి చెప్పారు. బిడ్డ తాగిన పాలు, తిన్న తిండి ఒంట్లో ఒకదాని తర్వాత ఒకటిగా మారుతూ పోవాలి. ఒక్కో మార్పుకు ఒక్కో ఎంజైము. దాన్ని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడినవైతే ఆ చోట పని ఆగిపోతుంది. మారాల్సింది మారకుండా పేరుకుపోయి మెదడునో, కాలేయాన్నో, కళ్ళనో పాడుచేస్తుంది. తర్వాత తయారవ్వాల్సింది తయారవ్వదు. ఇలాంటి జబ్బులు వందల్లో ఉన్నాయి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ అరుదే, అన్నీ కలిపి చూస్తే అంత అరుదేమీ కాదు. అందులోనూ మా సీమలో అక్క కూతుర్ని చేసుకోవడం, మేనమామ కొడుక్కి ఇవ్వడం ఇంటింటికీ ఉన్న ఆనవాయితీ.

పరికరాలు పెద్దగా ఏమీ లేవు. కానీ మేడం అడిగే ప్రశ్నలు వేరే డాక్టర్లు అడిగేవి కావు. ఈ ముప్పై ఏళ్ళలో నేను ఎన్ని ల్యాబుల్లో పనిచేసినా, ఎంత పెద్ద మెషిన్లు చూసినా, ఆ ప్రశ్నల దగ్గరే అసలు పని మొదలయ్యేదని నా గట్టి నమ్మకం.

"పిల్లలెంతమంది" అని ఆమె అడిగేవారు కాదు. అలా అడిగితే బతికున్నవాళ్ళనే చెప్తారు. "ఎన్ని కాన్పులమ్మా?" అని అడిగి, ఒక్కో కాన్పు గురించీ విడిగా అడిగేవారు. పుట్టగానే ఏడ్చాడా? పాలు పట్టినాడా? ఎన్నో దినం నుంచి మందగించినాడు? పోయిన బిడ్డల గురించి ఇంత నిదానంగా వాళ్ళను అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. చెప్తూ చెప్తూ ఏడ్చేవాళ్ళు. మేడం పెన్ను పక్కన పెట్టి కూర్చునేవారు. తర్వాత వాసన గురించి అడిగేవారు. బిడ్డ ఒంటికి, గుడ్డకు ఏమైనా వాసన ఉందా, మీ పెద్ద బిడ్డ గుడ్డలకు లేనిది? ఆ ప్రశ్నకు చాలామంది తల్లులు తలెత్తి ఆశ్చర్యంగా చూసేవాళ్ళు. వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నారు. అప్పుడు మేడం, "ఈసారి వచ్చేటప్పుడు ఉతకని గుడ్డ ఒకటి తెండి" అనేవారు.

తల్లులకు ధైర్యం రావడానికి ఆమె తరచుగా చెప్పే సంగతి ఒకటుంది. నార్వే దేశంలో బోర్గ్‌నీ ఎగెలాండ్ అనే ఆవిడకు ఇద్దరు బిడ్డలు, కూతురు లివ్, కొడుకు డాగ్. ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. పిల్లల మూత్రానికి వింత వాసన వస్తోందని ఆమె ఎందరు డాక్టర్లకు చెప్పినా పట్టించుకోలేదు. ఆమె వదల్లేదు. చివరికి 1934లో ఆస్బియోర్న్ ఫోలింగ్ అనే డాక్టరు ఆ మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే, అనుకోని విధంగా పచ్చరంగు వచ్చింది. లీటర్ల కొద్దీ మూత్రం తెప్పించుకుని, ఆ రంగు తెచ్చిన పదార్థం ఫినైల్ పైరూవిక్ ఆమ్లమని తేల్చాడు. ఇప్పుడు మనం ఫినైల్‌కీటోన్యూరియా, పీకేయూ అంటున్న జబ్బు అదే. తర్వాత ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో షీలా అనే పాప తల్లి కూడా అంతే, రోజూ పొద్దున్నే ల్యాబు ముందుకొచ్చి నిలబడి ఏదో ఒకటి చేయమని పట్టుబట్టింది. హోర్స్ట్ బికెల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్అలనిన్ అనే పదార్థాన్ని తగ్గించిన ఆహారం తయారుచేసి ఆ పాపకు పెట్టారు. 1953లో ఆ ఫలితం ప్రచురించారు. అంతవరకు మందే లేదనుకున్న జబ్బుకు తిండి మార్పే మందైంది. "ఇద్దరు తల్లులు ఊరుకోకపోబట్టే ఇది జరిగింది. మీరూ ఊరుకోవద్దు, తోచింది చెప్పండి" అనేవారు మేడం. ఆ మాట వినగానే కొంగు సర్దుకుని ముందుకు జరిగి కూర్చున్న తల్లులను నేను చూశాను.

ఆ గుడ్డ మాట వినే ఆదోని వైపు నుంచి ఒక జేజి వచ్చింది. మనవడికి రెండేళ్ళు, చక్కగా ఆడుకుంటున్నాడు. జేజి సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. "సబ్బు పెడితే మరక పోవాల గదా మేడమ్. ఇది పెట్టేకొద్దీ నల్లగయితాంది. వానికి ఎవరో ఏదో చేసినారని మా ఊళ్ళో అంటాండారు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటిమి. అయినా పోలేదు."

మేడం కళ్ళు మెరిశాయి. బాబు మూత్రం పట్టించి ఒక ట్యూబులో పోసి కిటికీ దగ్గర పెట్టించారు. మరో ట్యూబులో కొద్దిగా క్షారం కలపమన్నారు. కలిపిన దాంట్లో చూస్తుండగానే ముదురు గోధుమరంగు తిరిగింది. కిటికీ దగ్గరది మాత్రం మెల్లగా, గాలి తగిలే పైభాగం నుంచి మొదలుపెట్టి, పొరపొరగా కిందికి నల్లబడుతూ వచ్చింది. నేను పని మానేసి దాన్నే చూస్తూ ఉండిపోయాను. హోమోజెంటిసిక్ ఆమ్లం అనే పదార్థం ఒంట్లో విరగకుండా మూత్రంలో పోతుంటే అలా అవుతుంది. సబ్బులో క్షారం ఉంటుంది కాబట్టే గుడ్డ ఇంకా నల్లబడింది. జబ్బు పేరు ఆల్కాప్టోన్యూరియా.

1902లో లండన్ డాక్టరు ఆర్చిబాల్డ్ గారడ్ ఈ జబ్బు మీదే రాశాడు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు చాలాసార్లు దగ్గరి బంధువులని, ఒకే ఇంట్లో అన్నదమ్ములకు అక్కచెల్లెళ్ళకు వస్తోందని గమనించి, మెండెల్ చెప్పిన వారసత్వ సూత్రాలు మనుషుల జబ్బులకూ వర్తిస్తాయని మొట్టమొదట చూపించినవాళ్ళలో ఆయన ఒకడు. 1908లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి జబ్బులన్నిటినీ ఒక కుటుంబంగా చేర్చాడు. మేడం పనంతా ఆయన వేసిన బాటలోదే. ఆదోని జేజి మాత్రం బాబు పేరు మీద ఎవరూ ఏమీ చేయలేదని తెలిసి హాయిగా నవ్వింది. పిల్లాడి ప్రాణానికి ఇప్పుడేమీ కాదని, నడివయసులో నడుమునొప్పి, కీళ్ళనొప్పులు వస్తాయని, అప్పుడు ఈ చీటీ చూపిస్తే డాక్టరుకు తెలుస్తుందని మేడం రాసిచ్చారు. ఆ చీటీల సంగతి మళ్ళీ చెప్తాను.

ఆ జేజిని మేడం అంత తొందరగా పంపలేదు. టీ తెప్పించి, పెద్ద కాగితం పరిచి కూర్చోబెట్టారు. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళకు అడ్డగీత, జబ్బున్నవాళ్ళకు లోపల నలుపు. దగ్గరి సంబంధం పెళ్ళయితే మధ్యలో రెండు గీతలు. పుస్తకాల్లో వంశవృక్షం పైనుంచి కిందికి వరసలు వరసలుగా చక్కగా ఉంటుంది. మా వాళ్ళ చార్టుల్లో మేనమామ ఒక వరసలో, ఆయన పెళ్ళాం కింది వరసలో, గీతలు ఏటవాలుగా పైకీ కిందికీ పోయేవి. ఒకే ఆవిడ ఒకవైపు నుంచి చూస్తే అత్త, ఇంకోవైపు నుంచి చూస్తే అవ్వ. జేజిలకు తేదీలు తెలియవు. "మా చిన్నాయన కొడుకు కర్నూలు రాజధానిగా ఉన్నెప్పుడు పుట్టె" అంటే మేడం 1953 నుంచి 1956 మధ్య అని రాసుకునేవారు. "తుంగభద్ర డ్యాము నీళ్ళు కాలవకొచ్చిన ఏడు" అంటే అదీ లెక్కే. రాసుకోవడం రాని ఆ ముసలమ్మలు నాలుగు తరాలు నోటితో అప్పజెప్పేవాళ్ళు. పురిట్లో పోయి, పేరు కూడా పెట్టని బిడ్డలతో సహా. ఆ సమాచారం ఏ ఆసుపత్రి రికార్డులోనూ లేదు.

ఈ జబ్బులు ఫలానా కులానికని, మతానికని కాదు. కర్నూలు పాతబస్తీ ముస్లిం ఇళ్ళ నుంచి, పత్తికొండ వైపు పల్లెల నుంచి, తండాల నుంచి అందరూ వచ్చేవాళ్ళు.

అన్నిట్లోకీ నాకు బాగా గుర్తున్నది కోడుమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. సొంత మేనమామనే చేసుకుంది. ముందు ఇద్దరు బిడ్డలు పుట్టిన నెలలోపే కామెర్లు వచ్చి పోయారు. ఎక్కడెక్కడో చూపించారు, రక్తంలో విషం పాకిందని ఒకరు, కాలేయం చెడిందని ఇంకొకరు చెప్పారు. ఇప్పుడు మూడో బిడ్డ. రెండు వారాల వాడు. ఒళ్ళంతా పసుపు, పట్టిన పాలు పట్టినట్టే కక్కుతున్నాడు, పొట్ట ఉబ్బింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. అమ్మాయి గోడకు ఆనుకుని ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. వెంట వచ్చిన పెద్దావిడే మాట్లాడుతోంది.

మేడం ఎప్పటిలాగే కాన్పు కాన్పూ అడిగారు. ముగ్గురూ పుట్టినప్పుడు బాగున్నారు. పాలు పట్టిన రెండు మూడు రోజులకు మొదలైంది. "పాలు పట్టకముందు?" అని మేడం రెండోసారి అడిగారు. "బాగుండె మేడమ్. మొదటి దినం బంగారం మాదిరి ఉండె."

నా చేతికి మూత్రం ట్యూబు వచ్చింది. బెనెడిక్ట్ ద్రావణం నీలంగా ఉంటుంది. దాంట్లో ఎనిమిది చుక్కలు వేసి దీపం మీద వేడి చేశాను. నీలం ఆకుపచ్చగా మారింది, పసుపైంది, ఇటుకరంగు మడ్డి అడుగుకు దిగింది. చక్కెర ఉందన్నమాట. ఇంత పసిబిడ్డకు షుగరు జబ్బా అనుకుని గ్లూకోజ్ పట్టీ ముంచాను. పట్టీ రంగు మారలేదు. మేడం పట్టీ తీసుకుని వెలుతురులో పెట్టి చూశారు. ఇంకో పట్టీ ముంచమన్నారు. అదీ అంతే. చక్కెర ఉంది, కానీ అది గ్లూకోజ్ కాదు. టార్చిలైటు తీసుకుని బిడ్డ కళ్ళు చూశారు. కంటిపాపలో సన్నటి మబ్బు.

గెలాక్టోసీమియా. పాలలో ఉండే లాక్టోజు ఒంట్లో గ్లూకోజుగా, గెలాక్టోజుగా విడిపోతుంది. ఈ బిడ్డలకు గెలాక్టోజును మార్చే ఎంజైము ఉండదు. అది పేరుకుని కాలేయాన్ని, కళ్ళను, మెదడును దెబ్బతీస్తుంది. రక్తం నమూనా బేగంపేటలో ఉన్న జన్యువ్యాధుల ఆసుపత్రికి పంపి నిర్ధారించుకోవాలి, కానీ మేడం అంతవరకు ఆగలేదు. "ఈ గడియ నుంచి పాలు వద్దు" అన్నారు.

పెద్దావిడ నమ్మలేదు. తల్లిపాలు వద్దంటే మేకపాలు పడతామంది. అదీ వద్దంటే ఆవుపాలు, చివరికి గాడిదపాలు తెప్పిస్తామంది. ఏ పాలైనా లాక్టోజు ఉంటుందని మేడం ఓపిగ్గా చెప్తూనే ఉన్నారు. మెడికల్ షాపులన్నీ తిరిగితే సోయా పొడి డబ్బా దొరికింది. నేనే కలిపి చెంచాతో పట్టాను. అమ్మాయి రొమ్ములకు గట్టిగా గుడ్డ చుట్టుకుని మంచం మీద అటు తిరిగి పడుకుంది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. బిడ్డ పక్కనే ఉన్నాడు. అది చూడటం నావల్ల కాలేదు, బయటికొచ్చేశాను.

మూడో రోజుకు వాంతులు ఆగాయి. వారంలో పసుపు తగ్గడం మొదలైంది. బిడ్డ గట్టిగా ఏడ్చాడని వార్డు ఆయా పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది.

కానీ పెద్దావిడ మనసు కుదుటపడలేదు. "దీని పాలే బిడ్డలకు అచ్చిరాలేదు. ముందు ఇద్దరినీ ఇదే..." అని అందరి ముందూ అనేసింది. అమ్మాయి ముఖం నల్లబడిపోయింది. మేడం ఏమీ అనకుండా సొరుగు లాగి రెండు చింతగింజలు తీశారు. బారాకట్ట ఆడటానికి ఒక పక్క నేలకేసి అరగదీసిన గింజలు, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు.

"అవ్వా, ఇది నీ కొడుకు, ఇది నీ కోడలు. నలుపు పక్క మంచి జన్యువు, తెలుపు పక్క చెడిన జన్యువు. ఇద్దరిలోనూ రెండు పక్కలూ ఉన్నాయి. మంచిది ఒకటి ఉంది కాబట్టే ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. బిడ్డ పుట్టేటప్పుడు ఒక్కొక్కరి నుంచి ఒక్క పక్కే పోతుంది. ఎయ్యి."

పెద్దావిడకు ఆ ఆట చిన్నప్పటి నుంచీ తెలుసు. గింజలు చేతిలో కదిపి వేసింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. "ఈ బిడ్డకు జబ్బు లేదు. మళ్ళీ ఎయ్యి." రెండూ నలుపు. "ఈ బిడ్డ కూడా మంచిగుంటాడు." వేస్తూ పోయింది. రెండూ తెల్లగా పడ్డాయి. "ఇదిగో, వీడు" అని మేడం మంచం వైపు చూపించారు. "నీ కొడుకు గింజ కూడా తెల్లబడితేనే కదవ్వా వీడు పుట్టింది? కోడలొక్కతే ఎట్లయితుంది? నాలుగిట్లో ఒక వంతు ఇట్ల పడే అవకాశం ఉంటుంది, ప్రతి కాన్పుకూ అంతే. ముందు ఏం పడిందో గింజకు గుర్తుండదు."

పెద్దావిడ గింజలు రెండూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ అమ్మాయి ఆమెకు కోడలే కాదు, సొంత కూతురి కూతురు. కొడుక్కీ, కూతురికీ ఇద్దరికీ ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఆమెకు అప్పుడే తట్టింది. "అయితే నా నుంచా మేడమ్? లేకుంటే మా ఇంటాయన నుంచా?" అంది.

కోడలి మీద నింద తీసి అత్త మీద పెట్టి ఊరుకునే మనిషి కాదు మేడం. లేచి ఆమె పక్కకు వచ్చి కూర్చున్నారు. "మీ ఇద్దర్లో ఎవరో ఒకరి నుంచి. వాళ్ళకు వాళ్ళ అమ్మానాయనల నుంచి. ఎన్ని తరాల కిందట మొదలయిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. చెడిన జన్యువు లేని మనిషే ఉండడవ్వా. నాలోనూ ఉంటాయి, ఈ పిల్లలోనూ ఉంటాయి" అని నన్ను చూపించారు. "దగ్గరి సంబంధంలో ఒకేరకం రెండు ఎదురుపడే వీలు ఎక్కువ, అంతే. ఎవరి తప్పూ లేదు." పెద్దావిడ మనవరాలి మంచం దగ్గరికి పోయి ఆమె జుట్టు సవరించింది. ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు సాయంత్రం సోయా పాలు తానే కలుపుతానని నా దగ్గర నేర్చుకుంది.

ఆ బాబు బతికాడు. కంటిలో మబ్బు కూడా తిండి మారాక తగ్గింది. చదువులో కొంచెం వెనకబడ్డాడు, మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఆ జబ్బులో పాలు మానేసినా అలాంటివి ఉంటాయి. కానీ పదో తరగతి పాసై, ఇప్పుడు మోటారు వైండింగ్ పని చేసుకుంటున్నాడు.

అందరి కథా ఇలా ముగియలేదు. ఒక బిడ్డ దగ్గర మాడిన బెల్లం పాకం వాసన వచ్చేది. 1954లో అమెరికాలో మెంకీస్ అనే డాక్టరు ఒకే ఇంట్లో నలుగురు పసిపిల్లలు ఇలాంటి వాసనతో చనిపోవడం గురించి రాశాడు. మా ట్యూబులోనూ పసుపుపచ్చని మడ్డి తేరింది. జబ్బు మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అని తెలిసింది, కానీ దానికి కావలసిన ప్రత్యేకమైన పాలపొడి అప్పట్లో మాకు అందేది కాదు. ఆ బిడ్డ పోయే ముందు మేడం తండ్రిని పక్కకు పిలిచి, రక్తం, మూత్రం ఇంకొంచెం తీసుకుంటామని అడిగారు. ఆయన మండిపడ్డాడు, చచ్చేవాడి రక్తం దేనికని అరిచాడు. మేడం తలవంచుకుని అంతా విని, "రేపు పుట్టబోయే బిడ్డ కోసం" అన్నారు. చాలాసేపటికి ఆయన సరేనన్నాడు. ఆమె ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని అదేనని నాకనిపిస్తుంది. తర్వాతి కాన్పులో పుట్టిన పాపకు వెంటనే పరీక్షలు చేశాం, జబ్బు లేదు.

మేడంకు కోపం తెప్పించే విషయం ఒకటే, సులువుగా ఆపగలిగినవి ఆపలేకపోవడం. పుట్టుకతో థైరాయిడ్ లేకపోవడం అందులో మొదటిది. నందికొట్కూరు నుంచి ఒక తల్లి నెలన్నర పాపను వేరే పని మీద వార్డుకు తెచ్చింది. "మా పాప ఏడ్వనే ఏడ్వదు మేడమ్, ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతూ చెప్పింది. మేడం పాపను చేతుల్లోకి తీసుకున్నారు. ఒళ్ళు చల్లగా ఉంది, నాలుక కొద్దిగా బయటికి, బొడ్డు ఉబ్బి ఉంది. కామెర్లు ఇంకా పూర్తిగా పోలేదు. విరేచనం నాలుగు రోజులకోసారి. రక్తం తీసి హైదరాబాద్ పంపించాం. రిపోర్టు రాగానే థైరాక్సిన్ మాత్ర మొదలైంది. రోజుకో మాత్రను పొడిచేసి, చెంచాడు తల్లిపాలల్లో కలిపి పట్టడమే వైద్యం. అతి తక్కువ ఖరీదైన మాత్ర. కానీ అది పుట్టిన రెండు వారాల్లోపు మొదలైతేనే మెదడు పూర్తిగా దక్కుతుంది. నెలలు గడిస్తే పోయింది తిరిగి రాదు. ఈ జబ్బు ఎక్కువమందిలో గ్రంథి సరిగ్గా ఏర్పడకపోవడం వల్ల వస్తుంది, మేనరికం లేని ఇళ్ళలోనూ వస్తుంది. తర్వాత హైదరాబాద్ ప్రసూతి ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు పరీక్ష చేస్తే సుమారు 1700 మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది.

అందుకే మేడం ఫిల్టర్ పేపర్ మీద పడ్డారు. అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే ఆయన, సొంత కొడుక్కి బుద్ధిమాంద్యం, భార్య తోబుట్టువు కూతురికి పీకేయూ ఉన్న మనిషి, 1960ల మొదట్లో బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను కాగితం మీద ఆరబెట్టి పరీక్షించే పద్ధతి తెచ్చాడు. ఆరిన రక్తం కాబట్టి పోస్టులో పంపొచ్చు. మాలాంటి ఊళ్ళకు అంతకంటే ఏం కావాలి? మేడం నాకు పని నేర్పిన తీరు ఇప్పటికీ చేతిలో ఉంది. మడమను గోరువెచ్చని గుడ్డతో కాసేపు చుట్టి ఉంచాలి. మడమ మధ్యలో పొడవకూడదు, పక్కనే. మొదటి చుక్క దూదితో తుడిచేయాలి. రెండో చుక్క దానంతట అదే పెద్దదయ్యాక కాగితానికి తాకించాలి, అది వెనకవైపుకు పూర్తిగా ఇంకాలి. ఒకదాని మీద ఒకటి వేయకూడదు. ఎండలో పెట్టకూడదు, వేడి తగలకూడదు. కర్నూలు మే నెలలో వేడి తగలని చోటు వెతకడమే పెద్ద పని. గదిలో కింద రాతి నేల మీద, బల్ల నీడలో, ఎవరూ తొక్కకుండా వరసగా పరిచి కాపలా ఉండేదాన్ని. ఆరిన కార్డులు కవర్లో పెట్టి, తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోయేవాళ్ళు ఎవరైనా దొరికితే వాళ్ళ చేతికిచ్చేవాళ్ళం.

పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది జరగాలని ఆమె ఎన్ని ఆఫీసులకు ఉత్తరాలు రాశారో. అంటువ్యాధులతో, పోషకాహార లోపంతో పిల్లలు పోతుంటే ఈ అరుదైన వాటికి డబ్బెక్కడిదని జవాబు వచ్చేది. ఆ మాటలో నిజం లేదని ఆమె ఎప్పుడూ అనలేదు. అయినా మళ్ళీ రాసేవారు.

రిటైరయ్యాక చార్టులు, రిజిస్టర్లు ఇనప పెట్టెల్లో ఇంటికి తీసుకెళ్ళారు. ఇల్లు పాతబస్తీలో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు కింది అంతస్తు మునిగింది. నీళ్ళు తీశాక వెళ్తే మేడం మిద్దె మీద చార్టులు పరిచి ఆరబెడుతున్నారు. బురద వాసన. సిరాతో రాసినవి కరిగిపోయాయి, పెన్సిల్‌తో గీసినవి నిలిచాయి. ఇద్దరం కూర్చుని గుర్తున్నవి గుర్తున్నట్టు మళ్ళీ పూరించాం. సగానికి పైగా ఆమెకు కంఠతా వచ్చు.

ఇప్పుడు కాలం మారింది. టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే యంత్రంలో ఒక్క ఎండు రక్తపు చుక్కతో నలభైకి పైగా జబ్బులు ఒకేసారి చూస్తున్నారు. అరుదైన వ్యాధులకు 2021లో జాతీయ విధానం వచ్చింది, ఎంపిక చేసిన పెద్ద కేంద్రాల్లో చికిత్సకు యాభై లక్షల వరకు సాయం అందే వీలు 2022లో కల్పించారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. మేడం ఇవన్నీ పూర్తిగా చూడకుండానే పోయారు, దానికి నాకు బాధగా ఉంటుంది.

నందికొట్కూరు పాప ఈ ఏడు ఫోన్ చేసింది. బీకాం చదివింది, పెళ్ళయింది, గర్భవతి. కడుపుతో ఉన్నప్పుడు థైరాక్సిన్ మోతాదు పెంచాల్సి రావొచ్చని, వెంటనే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోమని చెప్పాను. "చేయించినానక్కా, డాక్టరు పెంచినారు. బిడ్డకు మడమ పరీక్ష ఏ రోజు చేయించాలో చెప్పు" అని తనే అడిగింది. పుట్టిన 48 గంటలు దాటాక, మూడో రోజు లోపల అని చెప్పాను.

ఒక కుర్ర డాక్టరు, జన్యుశాస్త్రం చదివినవాడు, ఇప్పుడు మేడం చార్టులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. ఆ ఇళ్ళలో మూడో తరం పెళ్ళీడుకొచ్చింది. చెడిన జన్యువు ఎవరిలో ఉందో రక్తపరీక్షతో తెలుసుకునే వీలు ఇప్పుడుంది, పెళ్ళికి ముందో, కాన్పుకు ముందో చెప్పగలిగితే చాలు. ఊరి పేర్లు మారాయి, ఇళ్ళు మారాయి, కొందరు బెంగళూరు, హైదరాబాద్ పోయారు. దారి చూపించడానికి నేను కూడా వెళ్తున్నాను. మొదట ఆదోని వైపు. ఇది చదివేవాళ్ళ ఇంట్లో, 1989 తర్వాత కర్నూలులో పిల్లల డాక్టరమ్మ నీలం సిరాతో రాసిచ్చిన చీటీ ఉంటే, పైన ఒక నంబరు, కింద జబ్బు పేరు ఉంటాయి, పారేయకండి. బిడ్డ ఇప్పుడు లేకపోయినా పారేయకండి. ఆ నంబరు చెప్తే చార్టు మా దగ్గర దొరుకుతుంది.